తంత్రీవాద్యముల జమాఖర్చు

(గ్రంథాలయ రజతోత్సవ సభయందలి ప్రసంగపాఠము)



సరస్వతీదేవి పటము లేని గ్రంథాలయము మన దేశమున అరుదు. ఆ తల్లి ఒక హస్తమున పుస్తకము ధరించును. రెండు హస్తములతో వీణ వాయించును. పుస్తకమును కాపాడు భారమును ఈ గ్రంథాలయము 25 సంవత్సరములుగా వహించుచున్నది. ఏ గ్రంథము ఎవరు తీసికొనిపోయిరో, ఎప్పుడు తిరిగి వచ్చినదో, ఏది చినిగినదో, ఏది పోయినదో రిజిస్టరునందు వ్రాయబడియున్నది. మఱి ఆ తల్లి చేతిలోని వీణ సంగతి ఏమి? ఆ ఖాతాను ఎవరు వ్రాయుచున్నారు? మన సంగీతమున తీగలు గల వాద్యములలో గడచిన 200 సంవత్సరములందు ఏమి వచ్చినది, ఏమి పోయినది, నేటికి నిలువ ఎంత అను లెక్క చూచుటయే ఈ ప్రసంగమునకు ఉద్దేశము. లెక్క చూడని పొగడ్తయు, లెక్క చూడని విలాపమును రెండును నిష్ప్రయోజనములే.

ఏ లెక్కకైనను పూర్వపు నిలువ ముందు వ్రాయవలెను. భరతముని వాద్యములను తతము, అవనద్ధము, ఘనము, సుషిరము అని నాలుగు తెగలుగా విభజించెను. తీగలతో మ్రోగునవి తతములు. అమరావతి శిల్పములందు కానవచ్చు వీణను చూచినవారు ఆశ్చర్యపడుదురు. అది నేటి వీణ కాదు. విల్లువలె వంగిన కొయ్యకు తీగలు బిగించిన వాద్యము. సముద్రగుప్త చక్రవర్తి తన బంగారు నాణెములపై ఒడిలో నుంచుకొని వాయించుచున్నదియు అట్టిదే. ఆ విల్లువీణ శతాబ్దముల తరబడి వర్ధిల్లి, పిమ్మట మన దేశమున కనుమఱుగయ్యెను. దాని పేరు మాత్రము వేఱొక వాద్యమునకు సంక్రమించెను.

నేటి వీణ చరిత్రయందు తెలుగువారి పాత్ర స్వల్పము కాదు. విజయనగర సామ్రాజ్యమున అళియ రామరాయల ఆదరణమున నుండిన రామామాత్యుడు 1550లో ‘స్వరమేళకళానిధి’ రచించి, వీణపై మెట్లు అమర్చు విధానమును శాస్త్రీయముగా చెప్పెను. పిమ్మట తంజావూరు నేలిన రఘునాథ నాయకుని కాలమున, అనగా 17వ శతాబ్దపు పూర్వభాగమున, వీణకు నేటి రూపము స్థిరపడినదని సంగీత చరిత్రకారులు చెప్పుదురు. ఆ ప్రభువు తెలుగున కావ్యములు వ్రాసిన కవి. 24 మెట్లు కదలకుండ మైనముతో నిలిపినందున, మెట్లు జరుపు పని లేకయే అన్ని రాగములను ఒక్క వీణపై పలికింప సాధ్యమయ్యెను. నాలుగు తంత్రులు స్వరమునకు, మూడు ప్రక్క తంత్రులు తాళమునకు. కావున నేడు సనాతనమని చేతులు జోడించు వీణయు ఒకనాడు క్రొత్తదే. ఈ మాట మఱవకున్నచో తరువాతి లెక్క సరిగా బోధపడును.

మొదటి జమ ఫిడేలు. ఇటలీ దేశమున క్రెమోనా అను పట్టణము కలదు. 16వ శతాబ్దమున అచ్చటి ఆండ్రియా అమాతి అను శిల్పి ఈ వాద్యమునకు రూపము దిద్దిన తొలివారిలో ఒకడు. ఆ ఊరనే పుట్టి పెరిగిన విద్య స్ట్రాడివారి చేతిలో పరాకాష్ఠ నందెను. అతడు 1737లో మరణించెను. ఆ వాద్యము ఐరోపావారి ఓడలలో చెన్నపట్టణమునకు వచ్చెను. ముత్తుస్వామి దీక్షితుల తమ్ముడు బాలుస్వామి దీక్షితులు (1786–1858) చెన్నపట్టణమున ఒక ఐరోపావాసి వద్ద దానిని నేర్చి, మన కృతులకు అనువుగా మలచెను. తంజావూరు సోదరులు నలుగురిలో ఒకడగు వడివేలు కూడ ఆ వాద్యమున ఆరితేరెను. తిరువాన్కూరు మహారాజు స్వాతి తిరునాళ్ 1834లో అతనికి దంతపు ఫిడేలు బహూకరించెను.

పరదేశపు వాద్యమును మనవారు స్వీకరించిన తీరు గమనింపదగినది. ఐరోపావాసి నిలువబడి, దానిని గడ్డము క్రింద నొక్కిపెట్టి వాయించును. మనవాడు నేలపై కూర్చుండి, దాని తలను పాదముపై ఆనించును. ఇట్లు చేసినచో వాద్యమును మోయుపని చేతికి తప్పును. ఎడమచేయి తంత్రిపై పైకిని క్రిందికిని స్వేచ్ఛగా జారును. ఐరోపావారు నాలుగు తంత్రులకు నాలుగు వేర్వేఱు స్వరములు శ్రుతి చేయుదురు. మనవారు షడ్జ పంచమములు, మరల షడ్జ పంచమములుగా శ్రుతి చేసిరి. కొయ్య వారిది, కమాను వారిది. శ్రుతి మనది, కూర్చుండుట మనది. అన్నిటికంటె ముఖ్యమైన సంగతి మఱొకటి. ఫిడేలుకు మెట్లు లేవు. స్వరమునకు స్వరమునకు నడుమ గోడ లేదు. గాయకుని కంఠము ఏ త్రోవను పోయిన, వ్రేలు ఆ త్రోవనే పోగలదు.

ఈ కారణమునకు సాక్ష్యము కావలెనన్నచో హార్మోనియమును చూడవలెను. అదియు పరదేశమునుండి వచ్చినదే. నాటకములందును భజనలందును ఊరూరను వ్యాపించినది. అయినను దాని మీటలు స్వరములను విడివిడిగా పలుకునే గాని, గమకమును పలుకనేరవు. అందువలన ఆకాశవాణి 1940లో హార్మోనియమును నిషేధించి, 1971లో గాని ఆ నిషేధమును సడలింపలేదు. రెండును విదేశ వాద్యములే. ఒకటి కచేరీలో గాయకుని ప్రక్క స్థానము పొందెను, ఒకటి వాకిట నిలిచెను. మన సంగీతము వాద్యమును ఏ ఊరని అడుగలేదు. గమకము వచ్చునా అని అడిగెను.

ఈ జమను తెలుగునాట వడ్డీతో పెంచినది విజయనగరము. అచ్చటి మహారాజు విజయరామ గజపతిరాజుగారు 1919లో సంగీత కళాశాలను స్థాపించిరి. ఆదిభట్ల నారాయణదాసుగారు తొలి అధ్యక్షులైరి. ఆ సంవత్సరముననే ద్వారం వెంకటస్వామి నాయుడుగారు 26 ఏండ్ల వయస్సున అచ్చట ఫిడేలు ఆచార్యులుగా నియమితులైరి. నాయుడుగారు 1893లో బెంగుళూరున జన్మించి, విశాఖపట్టణమున పెరిగిరి. అన్నగారగు వెంకటకృష్ణయ్యగారే తొలి గురువు. వారికి కంటిచూపు మందము. చెవిచూపు మాత్రము అసామాన్యము. 1936లో కళాశాలాధ్యక్ష పదవి వారిని వరించెను.

అంతవఱకు ఫిడేలు గాయకుని వెనుక నడచిన అనుచరుడు. 1938లో వెల్లూరున నాయుడుగారు ఫిడేలునే ప్రధానముగా నిలిపి కచేరీ చేసిరి. 1941లో మద్రాసు సంగీత విద్వత్సభ వారికి సంగీత కళానిధి బిరుదమిచ్చెను. 1952లో ప్రపంచ ప్రఖ్యాతుడగు యెహూదీ మెనూహిన్ మన దేశమునకు వచ్చినపుడు మద్రాసున నాయుడుగారి వాద్యమును విని ఎంతయో మెచ్చుకొనెను. పరదేశమునుండి వచ్చిన మహావాదకుడు, ఫిడేలును తెలుగువాని చేతిలో విని ముగ్ధుడగుట జమ అన్న మాటకు సార్థకత. నాయుడుగారు 1964లో కీర్తిశేషులైరి. ఆ విజయనగరముననే జన్మించి, ఇవటూరి విజయేశ్వరరావుగారి వద్ద నేర్చిన అవసరాల కన్యాకుమారిగారు 2016లో సంగీత కళానిధి బిరుదము నందిరి. ఫిడేలు వాయించు స్త్రీలలో ఆ బిరుదము పొందిన మొదటివారు వారే. ఒక మహారాజు తెఱచిన బడి ఫలము వంద ఏండ్లకును పండుచునే యున్నదనుటకు ఇది నిదర్శనము.

ఇక ఖర్చు వైపు చూడవలెను. ఫిడేలు వచ్చి కూర్చున్న స్థలము అంతకు ముందు ఖాళీగా లేదు. పూర్వము గాత్రమునకు తోడుగా మ్రోగినది వీణ. వీణను ఎవరును తఱుమలేదు. శబ్దము పెరిగినది, వీణ తగ్గి పలికినది, అంతే.

పూర్వపు సంగీతము దేవాలయ మంటపమున, జమీందారుల చావడిలో, ఇంటి హాలున ఏ ముప్పదిమందికో నలువదిమందికో వినబడుటకు ఏర్పడినది. పిమ్మట టిక్కెట్టు కొని వందలమంది కూర్చుండు శాలలు వచ్చెను. మైకు ఇంకను రాలేదు. గాయకులు ఎలుగెత్తి పాడసాగిరి. ఆ కాలమున మైసూరు టి. చౌడయ్యగారు (1895–1967) తంత్రులను జంటలుగా చేర్చి ఏడు తంత్రుల ఫిడేలును నిర్మింపజేసిరి. కడపటి వరుసవారికి కూడ నాదము చేరవలెనని వారి తపన. 1980లో బెంగుళూరున వారి స్మారకముగా ఫిడేలు ఆకారముననే సభాభవనమును కట్టిరి. మైకు సర్వత్ర వ్యాపించిన పిమ్మట ఆ అవసరము తీరిపోయెను. ఏడు తంత్రుల ఫిడేలు అరుదయ్యెను. అవసరము తెచ్చినది, అవసరము తీసికొనిపోయినది.

వీణ విషయమున మైకు మేలును చేసినది, కీడును చేసినది. ద్రాక్షారామమున జన్మించి, తండ్రిగారగు అచ్యుతరామశాస్త్రిగారి వద్ద వీణ నభ్యసించిన ఈమని శంకరశాస్త్రిగారు (1922–1987) సన్నని నాదము కూడ దూరము పోగలదని గ్రహించి, ఒక్క మీటుతో అనేక స్వరములు సాగునట్లు వాదనమును తీర్చిరి. వారి శిష్యులు కాకినాడ చిట్టిబాబుగారు (1936–1996) వీణను సామాన్యుని ఇంటికి తెచ్చిరి. ‘కొమ్మలో కోయిల’ యని వారు వీణపై కోయిలను పలికించిన రికార్డు వినని సంగీతప్రియులు ఆ తరమున తక్కువ. మైకు లేకున్నచో ఈ మేలు జరుగదు. అయితే తంత్రుల ప్రక్కనే యంత్రమును బిగించి పెద్దది చేసిన నాదమునకు అలవాటుపడిన చెవి, యంత్రము లేని వీణ ముందు కూర్చుండినపుడు “వినబడుటలేదే” అని లేచిపోవుచున్నది. వీణ వినబడక కాదు. ఊరకుండుట మనము మఱచినందున.

రెండవ జమ మాండలిన్. ఇది ఇటీవలి చరిత్ర. పాలకొల్లున 1969లో జన్మించిన ఉప్పలపు శ్రీనివాస్ బాలుడుగా నుండగనే ఆ చిన్న వాద్యమును చేతబట్టెను. గురువు రుద్రరాజు సుబ్బరాజుగారికి మాండలిన్ వాయించుట రాదు. వారు చెంబై వైద్యనాథ భాగవతార్ శిష్యులు; గాయకులు. గురువు పాడుట, శిష్యుడు అది తీగపై వెదకుట, ఇదియే పాఠము. సంగీతజ్ఞులు పలువురు మాండలిన్‌పై గమకము అసాధ్యమనుకొనిరి. దాని తీగలు జంటలు, బిగువైనవి, మీటిన క్షణముననే నాదము తెగిపోవును. శ్రీనివాస్ జంట తీగలను విడదీసి ఒంటి తీగలు చేసి, ఐదవ తీగను చేర్చి, విద్యుత్సహాయమున నాదమును సాగదీసెను. 1983లో బెర్లిన్ జాజ్ ఉత్సవమున వాయించి పరదేశీయులను మెప్పించెను. 1998లో పద్మశ్రీ నందెను. 2014లో 45 ఏండ్ల వయస్సుననే అస్తమించుట సంగీతలోకమునకు తీరని నష్టము. ఆయన కథ ఒక్క సంగతి రుజువు చేయుచున్నది. వాద్యము నేర్పినది వాద్యము కాదు, కంఠము. బాలుస్వామి దీక్షితులు మొదలు శ్రీనివాస్ వఱకు ప్రతి క్రొత్త తీగకును మన సంగీతమును నేర్పినది పాటయే.

కొందఱు వీణకేమి లోటు, వేదికలపై విదుషీమణులు వాయించుచునే యున్నారు గదా అందురు. నిజమే. వాయించువారి ప్రతిభకు లోటు లేదు. లోటు దాని వేఱొక కొనన ఉన్నది. అది చేయువారి చేతిలో, చేయు కొయ్యలో.

బొబ్బిలి వీణ పేరు ఎఱుగని తెలుగువాడు లేడు. బొబ్బిలి సమీపమున గొల్లపల్లి గ్రామమున సర్వసిద్ధి వంశీయులగు శిల్పులు తరతరములుగా వీణలు చేయుచున్నారు. ఒకే పనస దుంగను తొలిచి కుండను, దండిని, తలను అతుకు లేకుండ తీర్చినది ఏకాండ వీణ. ఎదిగి, పండి, పగులు లేని పనసమాను దానికి కావలెను. అట్టి మాను ఒక్క తరములో సిద్ధింపదు. తాత నాటినది మనుమనికి పనికివచ్చును. భౌగోళిక గుర్తింపు చట్టము క్రింద బొబ్బిలి వీణకు రక్షణ లభించినది; సంతోషము. అయినను నేడు ఆ గ్రామమున చేయబడు వీణలలో పలుకని వీణలు పెక్కు. సన్మానసభలలో శాలువతోపాటు ఇచ్చుటకు చేయు చిన్న బొమ్మ వీణలవి. శిల్పికి అన్నము పెట్టుచున్నవి గనుక వానిని నిందించుట తగదు. కాని గాజుబీరువాలో నిలిచిన బొమ్మ పెరిగి, ఒడిలోని వీణ తరిగినచో, ఆ పద్దును జమ వైపు వ్రాయుట తప్పుడు లెక్క యగును.

వీణకు మఱొక చిక్కు కలదు. మెట్లను నిలుపు మైనము వేసవికి మెత్తబడును. ఏండ్లు గడచిన కొలది మెట్లు స్థానము తప్పును. అప్పుడు మెట్లను పీకి, మైనమును కరగించి, చెవితో స్వరము చూచుకొనుచు మరల అమర్చవలెను. దీనిని మేళము కట్టుట అందురు. ఇది వడ్రంగికి సగము, సంగీతజ్ఞునికి సగము తెలిసిన విద్య. ఈ పని తెలిసినవాడు అందుబాటున లేనిచో, అమ్మమ్మ వాయించిన వీణ మెట్లు తప్పి గోడ కెక్కును. గోడ కెక్కిన వీణను చూచి ఏ పిల్లయు సంగీతము నేర్చుకొనదు.

ఈ బెంగ తెలుగువారి కొక్కరికే కాదు. క్రెమోనా పట్టణపు ఫిడేలు నిర్మాణ విద్యను యునెస్కో 2012లో మానవజాతి వారసత్వముల పట్టికలో చేర్చెను. అచ్చట శిల్పి ఒక్కొక్క ఫిడేలును అచ్చుతో పోయక చేతితో చేయును; ఆ విద్య నేర్పుటకు బడి కలదు. ఫిడేలు కమానుకు శ్రేష్ఠమైన కొయ్య బ్రెజిల్ దేశపు పెర్నంబుకో వృక్షము. అది నశించిపోవుచున్నందున 2007లో అంతర్జాతీయ వాణిజ్య నియంత్రణము క్రిందికి తెచ్చిరి. 2022లో పనామా నగరమున జరిగిన సమావేశమున ఆ నియమములను ఇంకను బిగించిరి. చెట్టు లేనిదే స్వరము లేదని వారికి తెలిసినది. పనసచెట్టు నీడన కూర్చున్న మనకును తెలియవలెను.

చేతిలోని ఫోనునందు లోకములోని వాద్యములన్నియు వినబడుచుండగా ఈ చింత ఎందుకని యువకులు అడుగవచ్చును. ఆ ప్రశ్న న్యాయమైనదే. పూర్వము ద్వారం వారిని వినవలెనన్న విజయనగరము పోవలసియుండెను. నేడు కుగ్రామమున పశువులకాపరియు వినగలడు. ఇది నిస్సందేహముగా జమ. కాని దానికి ఎదురు పద్దు కూడ కలదు. పూర్వము శిష్యుడు మొదట తంబుర శ్రుతి చేయుట నేర్చెడివాడు. బిరడను త్రిప్పి, తప్పి, మరల త్రిప్పి, తీగ పలుకు కలిసిన క్షణమును తన చెవితోనే కనుగొనెడివాడు. నేడు విద్యుత్ శ్రుతిపెట్టె మీట నొక్కిన చాలును. సౌకర్యము మంచిదే, కాని శ్రుతి కలియుట ఎట్లుండునో ఎన్నడును వెదకనివానికి, అది తప్పినపుడు తెలియునా? వేయి వాద్యములను పైపైన విన్న చెవికంటె ఒక్క తీగను శ్రుతి చేసిన చెవి గొప్పది.

ఇక గ్రంథాలయమున చెప్పక తప్పని ఒక్క సంగతి కలదు. తొలుత ఫిడేలు చేబట్టిన బాలుస్వామి దీక్షితులకు దౌహిత్రుడును, దత్తపుత్రుడును అగు సుబ్బరామ దీక్షితులు (1839–1906) ఎట్టయాపురము సంస్థానమున ఆస్థాన విద్వాంసులు. ఆయన తన వంశమున నిలిచిన కృతులను, రాగలక్షణములను, స్వరసహితముగా ‘సంగీత సంప్రదాయ ప్రదర్శిని’ అను మహాగ్రంథముగా కూర్చి 1904లో ముద్రింపించెను. తాత పరదేశపు తీగను స్వదేశము చేయగా, మనుమడు ఆ తీగలపై పలుకవలసిన గమకములకు గుర్తులు ఏర్పఱచి కాగితముపై నిలిపెను. అది అచ్చయినది తమిళనాడున. అచ్చయిన లిపి తెలుగు. కర్ణాటక సంగీతమున ఇంతటి ఆధారగ్రంథము మఱొకటి లేదని పండితులు అంగీకరింతురు. తమిళ విద్వాంసులు ఆ గ్రంథము కొఱకు తెలుగు లిపి నేర్చిన సందర్భములు కలవు. లిపి పుట్టుకతో వచ్చిన తెలుగువారిలో దానిని తెఱచినవారెందఱు?

ఇప్పటికి నిలువ తేల్చవలెను. ఫిడేలు జమ, మాండలిన్ జమ, ఇంటింటికి వచ్చిన ధ్వనిముద్రణము జమ. ఊరకుండి వినుట ఖర్చు. శ్రుతి చేయు చెవి ఖర్చు. మేళము కట్టు చేయి, పండిన పనసమాను ఖర్చగుచున్నవి. విల్లువీణ వలె నేటి వీణయు ఒకనాడు శిల్పములలో మాత్రమే కానవచ్చునా అన్నది శేషప్రశ్న. క్రొత్త తీగను కాదనుట దీనికి ఉపాయము కాదు; మన పెద్దలు ఏనాడును అట్లు చేయలేదు. పాతతీగకు కావలసిన మూడు వస్తువులను, అనగా చేయు చేతిని, వాయించు వ్రేలిని, వినెడి చెవిని నిలుపుటయే ఉపాయము. మొదటి రెండింటికి రాజులు, కళాశాలలు, ప్రభుత్వములు కావలెను. మూడవది ఈ గ్రామమున, ఈ గ్రంథాలయమున, ఏ వ్యయమును లేకుండ నిలుపవచ్చును.

కావున సభవారి యోచనకు నాలుగు విన్నపములు. సుబ్బరామ దీక్షితుల గ్రంథమును, నారాయణదాసుగారి, ద్వారం వారి జీవితచరిత్రలను గ్రంథాలయమున చేర్చవలెను. నెలకొక సాయంకాలము ఒక్క గంట, ఒక్క వాదకుని, ఒక్క రాగమును మాత్రమే, మాటలాడకుండ అందఱును కూర్చుండి వినవలెను. ఊరిలో ఏ ఇంటనైనను మెట్లు తప్పిన వీణ యున్నచో దాని లెక్క వ్రాసికొని, మేళము కట్టు శిల్పిని ఏడాదికొకసారి పిలిపింపవలెను. గ్రంథాలయపు పెరటిలో ఈ రజతోత్సవ చిహ్నముగా నాలుగు పనసమొక్కలు నాటవలెను. వాని పండ్లు పిల్లలు తిందురు. కొయ్య ఎవరి కాలమునకు పండునో, ఏ శిల్పి చేతికి చేరునో, అది మన రిజిస్టరునందు వ్రాయవలసిన పద్దు కాదు. నాటిన తేదీ వ్రాసిన చాలును.

శుభం భూయాత్.